మామ గీసిన సున్నపు గీత

మా మామ పోయారన్న కబురు నాకు తిరువళ్ళూరులో, ఒక ఆఫీసు వరండాలో, కాలు ఊగే బెంచీ మీద కూర్చుని ఉండగా అందింది. నా ఒళ్ళో అర్జీ ఉంది. బంగళా పైకప్పు గురించి నేను రాసిన ఐదో అర్జీ అది. భోజనానికి వెళ్ళిన ఆఫీసరు రెండున్నరైనా తిరిగి రాలేదు. చేతి చెమటకు కాగితం మూలలు మెత్తబడిపోయాయి. మా పక్కింటాయన రైలు దిగి, స్టేషన్ నుంచి నడిచి వచ్చి, నా ముందు నిలబడి గుక్క తిప్పుకున్నాడు.

“టీచరమ్మా, లేయండి. మీ మామ పోయినాడు. పొద్దన, పది గంటలకు. కష్టం పడలేదు. కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు.”

“యాడ?” అన్నాను.

“ఇంగ యాడమ్మా? బంగళా మెట్ల మీదనే.”

నాకు ముందు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళు ఆ మెట్ల మీద కూర్చుని ఎదురుచూసిన మనిషి ప్రాణం కూడా అక్కడే వదలాలా? అర్జీని నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కి రైలెక్కాను. ఇంటికి చేరేదాకా మనసులో ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. ఇది రాస్తున్నప్పటికీ ఆ పోట్లాట తెగలేదు. పోయినవాళ్ళ గురించి మంచి మాటలు రాయాలంటారు. మంచి మాటలు చాలానే ఉన్నాయి, రాస్తాను. కానీ కోపం దాచి రాస్తే అది మా మామ గురించి రాసినట్టు కాదు.

మా వైపు చూడనివాళ్ళకు కొంచెం చెప్పాలి. తిరుత్తణి నుంచి ఆంధ్రా సరిహద్దు వైపు పోతే, మామిడి తోపుల మధ్య పాత బంగళాలు నాలుగైదు కనిపిస్తాయి. జమీల కాలంలో కట్టినవి. జమీలు పోయాయి. తర్వాత చట్టాలొచ్చి పొలాలూ తోపులూ తగ్గాయి. ఇళ్ళు మాత్రం ఏం చేయాలో తెలియక అలాగే నిలబడి ఉన్నాయి. ఒకదాంట్లో చింతపండు నిలవ చేస్తారు. ఇంకొకదాని తలుపులూ కిటికీలూ ఎవరో ఊడబెరికి తీసుకుపోయారు, లోపల మేకలు పడుకుంటాయి. మా ఊరి బంగళాలో బడి ఉంది. ముందు ఎనిమిది స్తంభాలు, వెడల్పాటి మెట్లు, లోపల ఇంత పొడుగు హాలు, దాని గోడలు చెయ్యి పెడితే చల్లగా జారేటంత నున్నన. ఆ హాలును బంగళా యజమానురాలు పెద్ద దొరసానమ్మ బతికుండగానే తెలుగు బడికి ఇచ్చింది. ఆ బడిలో నేను టీచరుని.

ఆ బంగళాకు మా మామ మేస్త్రీ. ఆయన తండ్రీ, తాతా కూడా ఆ ఇంటి మేస్త్రీలే. వేరే పనులు చేయలేదని కాదు. తిరుత్తణి చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళకు పునాది వేశారో ఆయనకే తెలియదు. కానీ ఎవరైనా అడిగితే “బంగళా మేస్త్రీని” అనే చెప్పుకునేవారు. ఆ ఇంటి పైకప్పు మద్రాసు టెర్రసు. టేకు దూలాల మీద వేలెడు మందం చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి, పైన గానుగ సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరిచి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొడతారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ కొడతారు. చివరికి గోరు దిగనంత గట్టిపడుతుంది. అలాంటి కప్పు కింద చిత్రమాసం, అంటే ఏప్రిల్-మే నెలల ఎండలో కూడా పిల్లలు విసుక్కోకుండా ఎక్కాలు చెప్పేవారు.

నేను ఊత్తుకోట పిల్లను. పెళ్ళిచూపులకు మా ఇంటికి వచ్చినప్పుడు మా మామ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. మధ్యలో లేచి వెళ్ళి, మా నాన్న కట్టించిన గోడను వేలి కణుపుతో మూడుచోట్ల కొట్టి, చెవి ఆనించి విన్నారు. మా అమ్మ బిత్తరపోయింది. ఆయన వచ్చి కూర్చుని, “ఇల్లు గట్టిదే. కట్టించినోడు మోసం చెయ్యలేదు. సంబంధం ఖాయం చేసుకుందాం” అన్నారు. నన్ను కాదు, మా గోడను చూసి కోడలిని చేసుకున్నారని నేను ఎన్నిసార్లు ఎత్తిపొడిచానో లెక్కలేదు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఆ కొట్టి చూసే అలవాటు ఆయనకు ఊపిరిలాంటిది. కుండ, టెంకాయ, మంచం కోడు, పక్కింటివాళ్ళు కొత్తగా కట్టిన అరుగు, దేన్నీ వదిలేవారు కాదు. ఎవరింటికైనా చుట్టపుచూపుగా పోతే ముందు గోడ కొట్టి, తర్వాతే మంచినీళ్ళు తాగేవారు. ఒకసారి ఓట్ల కోసం వచ్చిన పెద్దమనిషి గంటసేపు మాట్లాడి వెళ్ళాక, “బోలు గోడ, బోలు మాట ఒక్క తీరుగానే మోగతాయి అమ్మా” అన్నారు. నేను పలక పట్టుకున్న పిల్లల ముందు కూడా ఆ మాట చాలాసార్లు వాడుకున్నాను.

పనికి ముందు ఒక పద్ధతి ఉండేది. ప్రతి ఏడూ చిత్రమాసంలో, వానలకు ఇంకా నెలలుండగానే, బంగళా పెద్ద మెట్ల మీదికి వచ్చి మేస్త్రీ చేతిలో తాంబూలం పెట్టాలి. రెండు గుప్పెళ్ళ ఆకులు, వక్క, నిమ్మకాయ, ఒక పంచె. అది తీసుకున్నాకే మేస్త్రీ నిచ్చెన వేసి పైకెక్కుతాడు. పగుళ్ళు చూస్తాడు, సున్నం నింపుతాడు, కావాలంటే ఆడవాళ్ళను పిలిపించి కొట్టిస్తాడు. తాంబూలం లేనిదే ఎక్కకూడదు. ఎందుకని పెళ్ళైన కొత్తలో అడిగితే మామ అన్న మాట ఇది: “పైకప్పు ఇంటికి నెత్తి. అడక్కండా ఒకరి నెత్తి మీద కాలు పెట్టేటోడు మేస్త్రీ కాదు.”

నేను వచ్చిన రెండో ఏట ఒకసారి ఆ పని నిండుగా జరగడం చూశాను. దొరసానమ్మ కర్ర పట్టుకుని మెట్ల మీదికి వచ్చి తాంబూలం ఇచ్చింది. మామ ఆ పూట ఉతికిన పంచె కట్టి, నుదుటికే కాదు, చెవులకు కూడా విభూతి పూసుకున్నారు. తర్వాత వారం రోజులు ఇరవై మంది ఆడవాళ్ళు మేడ మీద కూర్చుని ఒక్క తాళంతో కొట్టారు. ఆదివారం నేనూ ఒక చెక్క తీసుకుని వాళ్ళ వరసలో కూర్చున్నాను. మామ కింద హాలులో నిలబడి, తల పైకెత్తి, చప్పుడు వింటూ, “ఆ మూల ఇంకా పచ్చిగా ఉండాది, ఇంగొక పూట కొట్టండి” అని అరిచేవారు. పైన ఉన్న మాకు ఏ మూలో తెలిసేది కాదు, ఆయనకు కింద నుంచే తెలిసేది. సాయంత్రానికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ వారం ఆయన ముఖంలో ఉన్న సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

మరుసటి ఏడు దొరసానమ్మ పోయింది. ఆమెకు ఇద్దరు కొడుకులు, ఇద్దరూ మద్రాసులోనే ఉంటారు. తల్లి పోయిన నెలలోపే బంగళా ఎవరిదన్న దాని మీద అన్నదమ్ములు కోర్టుకెక్కారు. ఆ ఏడు చిత్రమాసంలో మామ ఉతికిన పంచె కట్టుకుని, తాపీ, మట్టపలక సంచిలో వేసుకుని వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. పొద్దెక్కేదాకా కూర్చున్నారు. ఎవరూ రాలేదు. తిరిగొచ్చి సంచి మూలకు తగిలించి, “దూరం నుంచి రావాల కదా. ఇంగో రోజు వస్తారు” అన్నారు. ఆ వానాకాలం హాలులో తూర్పు మూల అరచెయ్యంత తడి కనబడింది.

తర్వాతి ఏడు నేనే పట్టుబట్టి ఆయన్ను మద్రాసు తీసుకుపోయాను. అన్నదమ్ముల్లో పెద్దాయన ఇల్లు వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. పెద్దాయన మాత్రం మెడ నుంచి మోకాళ్ళ దాకా శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎంత దర్పమో అనుకున్నాను. మాకు కాఫీ ఇప్పించాడు. తన గ్లాసు ముట్టుకోలేదు. మామ నోరు తెరిచి అడగకముందే, “కేసు నడస్తా ఉంది మేస్త్రీ. అది తేలేదాకా దేని మీదా చెయ్యి వెయ్యొద్దన్నాడు వకీలు” అన్నాడు. మామ ఆ శాలువా వైపు కాసేపు చూశారు. లేచి దణ్ణం పెట్టి, “సరి దొరా. నిదానంగానే చూద్దాం” అన్నారు.

బస్సులో నేను ఆగలేకపోయాను. “ఇంత దూరం వచ్చి ఒక్క మాట అడగకుండా లేచి వచ్చేస్తే ఎట్లా మామా? ఆ కప్పు కింద పిల్లకాయలుండారు కదా, వాళ్ళ సంగతేంది?”

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఎండ జాస్తిగా ఉండాది” అన్నారు. నేను నెత్తి కొట్టుకున్నాను.

అన్నగారు ఇవ్వకపోతే తమ్ముడిగారినైనా అడగండి అన్నాను. పెద్దవాడుండగా చిన్నవాడి చేతి తాంబూలం చెల్లదన్నారు. పోనీ, తాంబూలమూ వద్దు ఏమీ వద్దు, బడి పిల్లల కోసం ఎక్కండి అన్నాను. ఆయన నా వైపు చూసి, “నీకు తెలీదులే అమ్మా” అన్నారు. ఈ ఒక్క మాటకు నాకు ఎంత కోపం వచ్చేదో చెప్పలేను. తెలియకపోతే చెప్పాలి కదా. మా ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు, మణవాళనగర్‌లో గది తీసుకుని వారానికోసారి వచ్చేవాడు. ఆయనతో మొరపెట్టుకుంటే, “మా నాయన అట్లనే. నువ్వేం మార్చలేవు” అని బట్టలు ఉతుక్కుని సోమవారం రైలెక్కేవాడు. ఇటు బడి, అటు బంగళావాళ్ళు, నడుమ మామ. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో నాకు పుస్తకంలో చదివి తెలుసుకునే పని లేకుండా పోయింది.

ఆ ఏడాదే గీత మొదలైంది. వానలు పట్టడానికి ముందు ఒక పొద్దున మామ పొడుగాటి వెదురు కర్ర తెచ్చి, హాలులో నిలబడి, కింద నుంచే కప్పును అడుగడుగునా తట్టి విన్నారు. పైకెక్కకూడదు, కింద నుంచి తట్టడానికి మాత్రం తాంబూలం అక్కర్లేదట. అంతా విని, నా చేతిలో సుద్దముక్క తీసుకుని, నేల మీద అడ్డంగా ఒక గీత గీశారు. “ఈ గీత అవతల పిల్లకాయల్ని కూర్చోబెట్టొద్దు” అన్నారు. గీత హాలుకు ఆ చివర, తూర్పు గోడకు నాలుగు మూరల దూరంలో ఉంది. ఆ మాత్రం స్థలం పోతే పోయిందనుకున్నాను.

ప్రతి ఏడూ వెదురు కర్రా, గీతా. ప్రతి ఏడూ గీత నా వైపు జరిగేది. నాలుగో ఏట నా బల్ల జరపాల్సి వచ్చింది. ఆరో ఏట నల్లబోర్డు. నా పిల్లలు నీటి గట్టు మీది చీమల్లా ఒక పక్కకు నెట్టుకుంటూ కూర్చునేవారు. ఎవరో వచ్చి మా ఇంట్లో గదులకు ఒక్కొక్కటిగా తాళం వేస్తున్నట్టుండేది నాకు. కప్పు బాగు చేయడం తెలిసిన చేతులు మా ఇంట్లోనే ఉన్నాయి, ఆ చేతులు గీతలు గీస్తున్నాయి. దీన్ని మించిన విసుగు ఏముంటుంది?

మధ్యలో తమ్ముడిగారు టౌను నుంచి ఒక కాంట్రాక్టరును పంపించాడు. అతనికి తాంబూలం గొడవ లేదు. నలుగురు మనుషులతో పైకెక్కి, సున్నం కప్పు మీద మందంగా సిమెంటు పూసి, రెండు రోజుల్లో దిగిపోయాడు. మామ మామిడి చెట్టు కింద నిలబడి చూస్తూనే ఉన్నారు.

“మీరు ఎక్కనంటే ఎవుడో ఒకడు ఎక్కుతాడు మామా. ఇప్పుడు బాగుందా?” అన్నాను.

“సున్నం ఊపిరి పీలస్తాదమ్మా. సిమెంటు దాని ముక్కు మూస్తాది. ఇంగ లోపల చెమ్మ యాడికీ పోదు. దూలాలు తాగతాయి” అన్నారు. గొంతులో కోపం లేదు. జ్వరమొచ్చిన పిల్ల గురించి చెబుతున్నట్టు చెప్పారు. ఆయన చెప్పినట్టే జరిగింది. రెండేళ్ళకు దూలాల మీద తెల్లటి బూజు, కింద పొడి. ఆ ఏడు గీత ఒక్కసారిగా ఐదు మూరలు జరిగింది.

ఇక నేను చేసిన వెధవపని చెప్పాలి. గీత హాలు నడిమికి వచ్చిన ఏడు నాకు తిక్క పుట్టింది. తిరుత్తణి బజారుకు పోయి ఒక పంచె, నిమ్మకాయ, వక్క కొన్నాను. ఆకులు మా పెరట్లోవే. మద్రాసులో మీటింగుందని చెప్పి పొద్దున వెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చి, పళ్ళెంలో అన్నీ పెట్టి మామ ముందు ఉంచాను. “పెద్దాయన ఇచ్చి పంపినాడు మామా. మిమ్మల్ని పని మొదలుపెట్టమన్నాడు” అన్నాను.

ఆయన పంచె మడత విప్పలేదు. ఆకులు చేతిలోకి తీసుకుని, “ఆయనే ఇచ్చినాడా, మనిషితో ఇప్పించినాడా?” అన్నారు.

“ఆయనే మామా.”

“యే చేత్తో ఇచ్చినాడు?”

ఇదేం ప్రశ్న అనుకున్నాను. “కుడిచేత్తో. తాంబూలం ఎడంచేత్తో ఇస్తారా యాడైనా?”

మామ ఆకులు తిరగేసి చూశారు. తర్వాత ఒక ఆకుకు ఈనె తీసి, సున్నం రాసి, వక్క పెట్టి, నోట్లో వేసుకున్నారు. “మంచి ఆకు. మన పెరటి ఆకు మాదిరే ఉండాది” అన్నారు. నన్ను తిట్టలేదు, నిలదీయలేదు. మర్నాడు ఆ పంచె నా ట్రంకుపెట్టె మీద ఉంది. ఎలా కనిపెట్టారో నాకు అర్థం కాలేదు. సిగ్గుతో రెండు వారాలు ఆయన ముఖం చూడలేకపోయాను.

పోయినేడు ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇంత హాలు ఖాళీగా పెట్టుకుని పిల్లల్ని గుమ్మం దగ్గర కుక్కుతావా అని నన్ను అందరి ముందు కేకలేశాడు. మామ గీతల సంగతి చెబితే నవ్వాడు. పౌరుషం వచ్చి మర్నాడు పిల్లల్ని గీత అవతలికి జరిపించాను. సంగతి ఎలా తెలిసిందో, పదింటికల్లా మామ వచ్చారు. నేరుగా వెళ్ళి హాలు ఆ చివర, అన్నిటికన్నా చెడ్డ దూలం కింద, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. “లేయండి మామా, పిల్లకాయలు నవ్వతారు” అన్నాను.

“వాళ్ళను ఇవతలికి జరుపు, నేను లేస్తా. ఊరికే చెప్తే నువ్వు నమ్మవు కదా” అన్నారు.

పిల్లల్ని జరిపించాను. ఆయన లేచి దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయారు. మూడో రోజు ఒక చిన్న కుండ పట్టుకుని మళ్ళీ వచ్చారు. ఇంట్లో రోట్లో తానే నూరుకున్న సున్నం, కరక్కాయ నీళ్ళతో కలిపింది. వెదురు కర్రతో కప్పంతా మళ్ళీ తట్టి విని, వంగి, కుంచెతో ఒక గీత గీశారు. గుమ్మానికి ఎనిమిది మూరల దూరంలో. గీసి, చిన్న గులకరాయితో ఆ గీత మొత్తం రుద్దారు. మధ్యాహ్నం దాకా రుద్దారు. ఎందుకింత కష్టం, సుద్ద చాలదా అన్నాను. “సుద్ద అయితే నువ్వు చెరిపేస్తావు” అన్నారు. అది వేళాకోళమో నిష్ఠూరమో తెలియలేదు. మళ్ళీ జరపాల్సి వస్తే అన్నాను. “ఇంగ జరగదు” అన్నారు.

ఆ గీత గీసిన చేతులకు ఆ కప్పును బాగుచేసే అవకాశం ఎందుకు రాలేదో నాకు ఆయన పోయిన మర్నాడు తెలిసింది. శవం మా తిన్నె మీద ఉంది. ఐప్పసి నెల, మా వైపు పెద్ద వానల కాలం, ముసురు పట్టి ఉంది. మద్రాసు నుంచి కారు వచ్చి ఆగింది. పెద్దాయన దిగాడు. శాలువా లేదు. అప్పుడు చూశాను, కుడిచెయ్యి ఎండిన కొమ్మలా పక్కకు వేలాడుతోంది. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ఎడమచేతిలో పళ్ళెం. ఆకులు, వక్క, నిమ్మకాయ, పంచె. నడిచి వచ్చి, వంగలేక వంగి, ఎడమచేత్తోనే ఆ పళ్ళెం మామ గుండెల మీద పెట్టాడు.

“అమ్మ పోయిన నెలకే వాతం కొట్టింది” అన్నాడు నాతో. “ఆ యేడే మెట్ల దాకా వచ్చినా. కార్లోంచి చూసినా, మేస్త్రీ కూర్చోనుండాడు. ఎడంచేత్తో ఎట్లా ఇచ్చేది? మా అమ్మ, మా నాయన కుడిచేత్తో ఇచ్చిన మెట్లు అవి. కారు తిప్పుకొని పోయినా. చెయ్యి బాగైనాక ఇద్దామనుకున్నా. కేసని చెప్పినా. మీరు ఇంటికొచ్చిన రోజే మేస్త్రీ కనిపెట్టేసినాడు. నీకు చెప్పలేదా?”

“ఇంట్లో కుక్కకు కూడా చెప్పలేదు” అన్నాను.

నా నోరు నా వశంలో లేదు. “దొరా, ఎడంచేత్తో ఇచ్చుంటే ఆ కప్పు కాదనేదా? మా మామ కాదనుండునా?”

“మేస్త్రీ కాదనుండడు” అన్నాడు ఆయన. కళ్ళు తుడుచుకోలేదు. “నేనే కాదనుకున్నా.”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని పిల్లలకు సామెత చెబుతుంటాను. ఆ ఆకులు ఇలా నా కళ్ళ ముందే మామ గుండెల మీద పడతాయని అనుకోలేదు. ఒకాయన తన చెయ్యి ఎవరూ చూడకూడదనుకున్నాడు. ఇంకొకాయన ఆయన పరువు నిలపాలని పదకొండేళ్ళు నోరు కట్టుకున్నాడు. మద్రాసులో శాలువా చూసి లేవడానికీ, “యే చేత్తో” అని అడగడానికీ, నా అబద్ధాన్ని నమిలి మింగడానికీ అర్థం నాకు ఒక్క క్షణంలో తెలిసింది. తెలిసి కోపం తగ్గలేదు, పెరిగింది. ఇంత మర్యాద ఎవరికి కావాలి మామా? ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు నొప్పించకుండా నడుచుకుంటే, నడుమ నూరేళ్ళ ఇల్లు కుళ్ళిపోయింది. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే, నేను పోయి ఆ ఎడమచేతిని కళ్ళకద్దుకుని తాంబూలం తెచ్చేదాన్ని. మీ పని నేర్పమని నేను అడగలేదు, నేర్పుతానని మీరు అనలేదు. ఆ పని తెలిసిన చెయ్యి ఇప్పుడు మా వైపు ఒక్కటీ లేదు.

ఆ పంచెనే కప్పి ఆయన్ను సాగనంపాం.

పదకొండో రోజు కర్మ అయింది. ఆ తర్వాత మూడోరోజు బడి తెరిచాను. వాన ఆగకుండా పడుతోంది. ఏడో ఎక్కం చెప్పిస్తున్నాను. ముందు పైనుంచి ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు. తర్వాత చెవులు పగిలిపోయాయి. హాలంతా తెల్లటి దుమ్ము లేచి ఒకరికొకరం కనబడలేదు. పిల్లల్ని వాన్లోకి తోసి, లోపలికీ బయటికీ తిరిగి మూడుసార్లు లెక్కపెట్టాను. నలభై ముగ్గురు. నలభై ముగ్గురూ ఉన్నారు. ఒకమ్మాయి పలక మాత్రం పగిలింది, అది కూడా పరుగులో పడి.

దుమ్ము అణిగాక లోపలికి వెళ్ళి చూశాను. దూలాలు, ఇటుకలు, సిమెంటు పెంకులు నడుము ఎత్తున కుప్పపడి ఉన్నాయి. ఆ కుప్ప గీతకు జానెడు దూరంలో ఆగింది. రెండు చిన్న ఇటుకలు మాత్రం దొర్లి వచ్చి గీత మీద ఆగాయి. గీతకు ఇవతల పిల్లల సంచులు, నా చెప్పులు, తడి గొడుగులు వరసగా ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను అప్పుడు ఏడ్చాను. ఆయన పోయిన రోజు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

ఇప్పుడు బడి బంగళా వెనక, ఒకప్పుడు జమీ లెక్కలు చూసిన పాత కచేరీ గదిలో నడుస్తోంది. దానిదీ టెర్రసు కప్పే. ఈ ఏడు వానలు రాకముందు నేనూ వెదురు కర్ర తీసుకుని తట్టి చూశాను. తట్టిన ప్రతిచోటా ఒకేలా వినిపించింది. గట్టిదేదో బోలుదేదో నాకు తెలియలేదు. పిల్లలు నా ముఖం చూస్తూ నిలబడ్డారు. ఏమీ తెలియకుండానే గోడకు దగ్గరగా సుద్దతో ఒక గీత గీశాను, గీసి నా మీద నాకే విసుగొచ్చి చెరిపేశాను. ఆరో అర్జీ రాసి పంపాను.

ఆ గది గుమ్మంలోంచి హాలు కనిపిస్తుంది. కప్పు లేదు కాబట్టి వాన నేరుగా నేల మీద పడుతుంది. శిథిలాలు తీసేశారు. ఎర్రటి నీళ్ళు గుమ్మం వైపు పారుతూ వస్తాయి. మామ గులకరాయితో మధ్యాహ్నం దాకా రుద్దిన ఆ గీత నీళ్ళ కింద మునుగుతుంది. నీళ్ళు దిగాక అక్కడే, అంతే తెల్లగా ఉంటుంది. పిల్లలు హాలులో ఆడుకుంటూ పరుగెత్తుకొస్తారు. పైన ఆకాశం తప్ప పడేది ఏమీ లేదని వాళ్ళకు తెలుసు. అయినా గీత దగ్గరికి రాగానే ఆగి, దాన్ని తొక్కకుండా దాటుతారు.